తెరమీది సాక్ష్యం: "ఫారెన్‌హీట్ 9/11"లో నిజానిజాలు

శత్రువు కొండంత అబద్ధం ఆడుతున్నప్పుడు, అతన్ని ఎదిరించినవాడి మాటల్లో గోరంత పొరపాట్లు వెతకడం దేనికని కొందరు మిత్రులు అడుగుతారు. మైకేల్ మూర్ తీసిన "ఫారెన్‌హీట్ 9/11" గురించి మాట్లాడినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. ప్రశ్న న్యాయమైనదే. కాని అందులో ఒక దురూహ దాగివుంది. పొరపాట్లన్నీ గోరంతవేననీ, అవి అక్కడక్కడా పడ్డ మరకలవంటివనీ, తుడిచేస్తే మిగతా బట్ట శుభ్రంగానే వుంటుందనీ ఆ అడిగేవారు ముందే నిశ్చయించుకుంటున్నారు. నాకు అట్లా కనిపించదు. ఈ చిత్రం ఎక్కడెక్కడ దారి తప్పిందో ఒక్కొక్కటే పరీక్షిస్తే, ఆ తప్పులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని తేలుతుంది. చరిత్రను వర్గాల మధ్యా రాజ్యాల మధ్యా నడిచే వ్యవహారంగా కాక, రెండు మూడు కుటుంబాల స్నేహంగా చూడడమే ఆ మూలం.

చిత్రం సంగతి ముందు చెప్పాలి. 2004 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవంలో దానికి అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. డాక్యుమెంటరీకి ఆ బహుమతి రావడం అంతకు ముందు ఒక్కసారే, 1956లో, సముద్రగర్భాన్ని చూపించిన ఒక ఫ్రెంచి చిత్రానికి జరిగింది. డిస్నీ కంపెనీ తన అనుబంధ సంస్థ మిరామాక్స్‌ను ఈ చిత్రం పంపిణీ చెయ్యనివ్వలేదు. ఇతరుల చేతుల మీదుగా జూన్ 25న అది అమెరికా అంతటా విడుదలై, ఆ ఒక్క దేశంలోనే దాదాపు 11 కోట్ల 90 లక్షల డాలర్లు వసూలు చేసింది. అంతవరకు ఏ రాజకీయ డాక్యుమెంటరీకీ అందులో సగం కూడా రాలేదు. అధ్యక్ష ఎన్నిక అప్పటికి నాలుగు నెలల దూరంలో వుంది. బుష్‌ను ఓడించడమే తన వుద్దేశమని మూర్ ఏనాడూ దాచలేదు. రాజకీయ ప్రయోజనం కోసం తీశాడు గనక అది అబద్ధమనే వాదనను మనం పట్టించుకోనక్కర లేదు. ప్రయోజనం లేని చిత్రం లోకంలో లేదు.

ఆ చిత్రం ఎట్లాంటి గాలిలో పుట్టిందో కూడా గుర్తుంచుకోవాలి. 2003 జనవరి 28న బుష్ తమ పార్లమెంటు ముందు నిలబడి, ఇరాక్ ఆఫ్రికానుంచి యురేనియం సంపాదించ ప్రయత్నించిందని చెప్పాడు. ఫిబ్రవరి 5న విదేశాంగమంత్రి పావెల్ భద్రతా సమితికి బొమ్మలూ టేపులూ చూపించి, విషాయుధాల బండ్లు ఇరాక్ రోడ్ల మీద తిరుగుతున్నాయన్నాడు. మార్చి 20న దాడి మొదలయింది. మొదలయిన పద్నాలుగు నెలలకు, 2004 మే 26న, "న్యూయార్క్ టైమ్స్" పత్రిక ఆ ఆయుధాల గురించి తాను రాసిన వార్తలను సరిగా పరీక్షించలేదని పాఠకులకు చెప్పుకోవలసి వచ్చింది. ప్రభుత్వం తానే నియమించిన పరిశోధక బృందం 2004 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో ఇరాక్‌లో ఆ ఆయుధాల నిల్వలు లేవని తేల్చింది. అంటే, పెద్ద పత్రికలు చెయ్యవలసిన తనిఖీ చెయ్యని కాలంలో, ఒక వినోద చిత్రకారుడు ఆ పనికి పూనుకున్నాడన్న మాట. ఆ గౌరవం మూర్‌కు ఇవ్వక తప్పదు.

పైగా అతడు అజాగ్రత్తగా పూనుకోలేదు. దాడులు వస్తాయని తెలిసి, పత్రికారంగంలో వాస్తవాల తనిఖీ చేసి అనుభవమున్న మనుషుల్ని పెట్టుకున్నాడు. విడుదల తర్వాత చిత్రంలోని వ్యాఖ్యానానికి వాక్యం వాక్యానికీ ఆధారాలు ప్రకటించాడు. చాలా వాక్యాలు ఆ పరీక్షకు నిలిచాయి కూడా. మరి చిక్కెక్కడ వచ్చింది? తనిఖీ చేసినవాళ్లు వాక్యాలను తనిఖీ చేశారు. చూసేవాడు మాత్రం వాక్యాలను చూడడు. ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ, వాటి వెనక ఒక గొంతు, ఆ గొంతు కింద ఒక పాట, ఈ నాలుగూ కలిసి అతని మనసులో ఒక అభిప్రాయం కడతాయి. ఆ అభిప్రాయానికి జవాబుదారీ ఎవరు?

బుర్రకథ చూసినవారికి ఈ విషయం తేలికగా బోధపడుతుంది. నడిమి కథకుడు కథ చెబుతాడు. ఒక పక్కవాడు రాజకీయం చెబుతాడు. ఇంకో పక్కవాడు హాస్యం చెబుతాడు. పల్లెటూరి రైతుకు కూడా ఏ మాట కథలోదో, ఏ మాట రాజకీయానిదో, ఏ మాట నవ్వుకోవడానికో స్పష్టంగా తెలుసు. వేరు వేరు మనుషులు వేరు వేరు చోట్ల నిలబడి చెబుతున్నారు గనక. మూర్ చిత్రంలో ఈ ముగ్గురి పనీ ఒకే గొంతు చేస్తుంది. హాస్యంగా అన్నమాట చరిత్రగా చెవిలో పడుతుంది. ప్రశ్నగా అన్నమాట జవాబుగా మనసులో నిలుస్తుంది. ఎవరైనా నిలదీస్తే, అది హాస్యమే గదా, ప్రశ్నే గదా అని తప్పుకోవడానికి వీలుంటుంది.

సౌదీ విమానాల ఘట్టం చూడండి. చిత్రానికి అది గుండెకాయ వంటిది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో విమానాలన్నీ ఆగిపోయాయి. విమానాశ్రయాల్లో చిక్కుపడిన జనాన్ని చూపిస్తారు. పేరుమోసిన గాయకుడు సైతం కదలలేకపోయాడంటారు. ఆ సమయంలో ప్రయాణం ఎవరికి కావాలి, బిన్ లాడెన్ కుటుంబానికి తప్ప అని గొంతు అంటుంది. విమానం గాలిలోకి లేస్తుంది, పారిపోదామనే అర్థం వచ్చే పాట ఒకటి మోగుతుంది. తర్వాత సెప్టెంబరు 13 దాటాక ఆరు ప్రైవేటు విమానాలూ, దాదాపు రెండు డజన్ల మామూలు విమానాలూ సౌదీలను దేశం దాటించాయని లెక్క చెబుతారు. హాలులోంచి బయటికి వచ్చినవాణ్ణి అడగండి: అందరి విమానాలూ ఆపి వాళ్లని పంపించారని చెబుతాడు. వాక్యం మాత్రం అట్లా అనలేదు. "13 దాటాక" అన్నది. గగనతలం తిరిగి తెరిచింది 13 ఉదయమే.

దాడులపై విచారణ జరిపిన జాతీయ కమిషన్ 2004 జూలైలో ఇచ్చిన నివేదికలో ఈ విషయానికి చోటిచ్చింది. గగనతలం తెరవకముందు సౌదీలు ఎక్కిన విమానమేదీ కదిలినట్టు ఆధారం లేదన్నది. సెప్టెంబరు 14, 24 తేదీల మధ్య ప్రత్యేక విమానాల్లో సుమారు 160 మంది, ఎక్కువమంది సౌదీలు, వెళ్లారు. బిన్ లాడెన్ బంధువులు ఎక్కువగా వున్న విమానం 20న వెళ్లింది. అందులో వున్న 26 మందిలో 22 మందిని ఎఫ్.బి.ఐ. ప్రశ్నించింది. చిత్రం ఈ ప్రశ్నించడాన్ని పాస్‌పోర్టు చూసి పంపించిన తంతుగా తేల్చేస్తుంది. తంతు కావచ్చు, కాకపోవచ్చు. కాని 26 మందిలో 22 మందన్న లెక్క ప్రేక్షకుడికి ఇచ్చి, తర్వాత తన అభిప్రాయం చెప్పి వుండవలసింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ ప్రయాణాలకు అనుమతి ఇచ్చింది తానేననీ, అది తప్పనుకోవడం లేదనీ రిచర్డ్ క్లార్క్ 2004 మే నెలలోనే చెప్పాడు. క్లార్క్ అంటే ఎవరు? ఉగ్రవాద నిరోధక వ్యవహారాలు చూసిన పెద్ద అధికారి. బుష్‌ను తీవ్రంగా విమర్శించినవాడు. మూర్ చిత్రంలోనే బుష్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాడు. అతని ముఖం చిత్రంలో వుంది, అతని ఈ మాట లేదు. సాక్షిని పిలిపించి, తనకు కావలసిన ముక్క చెప్పించుకుని, మిగతాది చెప్పబోతే బోనులోంచి దింపేసే వకీలును మనం కోర్టుల్లో చూస్తూనే వుంటాం.

ఇక్కడ ప్రభుత్వం నిప్పులాగా వుందని ఎవరూ అనుకోనక్కర లేదు. 13వ తేదీన టాంపా నుంచి లెక్సింగ్టన్‌కు కొందరు సౌదీ యువకుల్ని తీసుకుపోయిన ప్రైవేటు విమానం ఒకటి వుంది. అట్లాంటిది లేనేలేదని అధికారులు దాదాపు మూడేళ్లు బుకాయించారు. 2004 జూన్‌లో టాంపా విమానాశ్రయంవాళ్లే వుందన్నారు. ప్రభుత్వాలు దాస్తాయి, అందుకే జనం దేన్నయినా నమ్మడానికి సిద్ధపడతారు. ఆ సిద్ధపాటును వాడుకోవడం తేలిక. తేలికగనకనే దాని జోలికి పోకుండా వుండాలి.

డబ్బు లెక్కల వద్ద ఇదే పద్ధతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ముప్ఫయి యేళ్లలో సౌదీలు బుష్ కుటుంబానికీ, స్నేహితులకూ, వారితో సంబంధమున్న వ్యాపారాలకూ 140 కోట్ల డాలర్లు ఇచ్చారంటుంది చిత్రం. లెక్క క్రెయిగ్ ఉంగర్ అనే పత్రికా రచయిత పుస్తకం లోది. ఆ మొత్తంలో దాదాపు 118 కోట్లు ఒకే చోటికి పోయినవి. బి.డి.ఎం. అనే రక్షణ కంపెనీకి, దాని అనుబంధమైన విన్నెల్‌కు, సౌదీ నేషనల్ గార్డుకు తర్ఫీదు ఇచ్చినందుకూ తదితర కాంట్రాక్టులకూ చెల్లించిన డబ్బు అది. ఆ కంపెనీ కార్లైల్ గ్రూపు చేతిలో వుండేది. పెద్ద బుష్ కార్లైల్‌కు సలహాదారుగా చేరింది 1998 ఏప్రిల్‌లో. బి.డి.ఎం.ను కార్లైల్ అమ్మేసింది 1997 చివర్లో. అంటే 140 కోట్లలో ఎక్కువ భాగం, బుష్ తండ్రి ఆ గుమ్మం తొక్కక ముందే వచ్చి వెళ్లింది. కొడుకు బుష్ 1990ల మొదట్లో కార్లైల్ తాలూకు ఇంకో కంపెనీ బోర్డులో వున్నాడనీ, వారి స్నేహితులైన బేకర్, కార్లూచీ వంటివారు కార్లైల్‌లో వున్నారనీ మూర్ పక్షంవారు జవాబు చెప్పారు. ఆ జవాబు అసత్యం కాదు. కాని ప్రేక్షకుడు హాలులో అర్థం చేసుకున్నది, 140 కోట్లు బుష్ జేబులో పడ్డాయని. అట్లా అర్థం చేసుకోవాలనే ఆ ఘట్టాన్ని కూర్చారు.

నా అసలు అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. విన్నెల్ సౌదీ గార్డుకు తర్ఫీదు ఇవ్వడం 1975లో మొదలయింది. అప్పుడు వాషింగ్టన్‌లో ఫోర్డు వున్నాడు. తర్వాత కార్టర్ వచ్చాడు, రీగన్ వచ్చాడు, పెద్ద బుష్ వచ్చాడు, క్లింటన్ వచ్చాడు, కాంట్రాక్టు సాగింది. ఇంకా వెనక్కు పోతే 1945 ఫిబ్రవరి 14న రూజ్వెల్టు సూయజ్ కాలవలో యుద్ధనౌక మీద ఇబ్న్ సౌద్‌ను కలుసుకున్నాడు. ప్రజల్ని అణచిపెట్టే ఒక రాజకుటుంబానికి ఆయుధమూ తర్ఫీదూ ఇచ్చి, నూనె బావుల మీద భద్రత సంపాదించడం అరవై యేళ్ల పాటు రెండు పార్టీలూ నడిపిన విధానం. 1980 జనవరిలో పర్షియన్ సింధుశాఖ మీద ఎవరు చెయ్యివేసినా సైన్యంతో అడ్డుకుంటామని ప్రకటించినవాడు శాంతిప్రియుడని పేరుపడ్డ డెమోక్రాట్ కార్టర్. ఈ చరిత్ర అంతా తేదీలతో సహా రుజువైనది. ఏ వకీలూ దీన్ని కాదనలేడు. దీన్ని చెప్పివుంటే 140 కోట్లను బుష్ ఇంటిముందు కుప్పపోయవలసిన అవసరమే వుండేది కాదు. కాని దీన్ని చెబితే, నవంబరులో ఎవరికి ఓటు వెయ్యమని చెబుతావనే ప్రశ్న లేస్తుంది. 2002 అక్టోబరులో యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి సెనేట్‌లోని 50 మంది డెమోక్రాట్లలో 29 మంది ఓటు వేశారు. బుష్ మీద పోటీచేసిన కెర్రీ ఆ 29 మందిలో ఒకడు. డెమోక్రాట్ల పిరికితనాన్ని మూర్ అక్కడక్కడా గిల్లుతాడు, నిజమే. గిల్లడంతోనే సరిపెట్టాడు.

ఫ్లోరిడా ఎన్నిక గురించిన భాగంలో జరిగింది మరీ విచారకరం. ఎందుకంటే అక్కడ నిజం మూర్ వైపే వుంది. 2000 నవంబరు ఎన్నికలో బుష్‌కు ఫ్లోరిడాలో వచ్చిన అధికారిక ఆధిక్యం 537 ఓట్లు. తర్వాత పెద్ద పత్రికలు కలిసి చికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధమైన పరిశోధనా సంస్థ చేత, లెక్కకు రాని 1,75,010 బ్యాలెట్లను పరీక్ష చేయించాయి. 2001 నవంబరులో ఫలితాలు వచ్చాయి. రాష్ట్రమంతటా ఆ బ్యాలెట్లన్నిటినీ లెక్కిస్తే, ఏ కొలత పెట్టినా, గోర్ 60 నుంచి 171 ఓట్ల ఆధిక్యంతో గెలిచేవాడు. గోర్ తానడిగిన నాలుగు జిల్లాల్లోనే లెక్కిస్తే బుష్ గెలిచేవాడు. ఈ రెండో వాక్యాన్ని చిత్రం చెప్పదు. చెప్పి వుంటే నష్టమేమీ లేదు. గోర్ పార్టీ అందరి ఓట్లూ లెక్కించమని అడగకుండా, తనకు లాభమనుకున్న చోట్లే అడిగిందన్న సంగతి బయటపడేది. పౌరహక్కుల కమిషన్ 2001 నివేదికలో, ఫ్లోరిడాలో నీగ్రోజాతివారి బ్యాలెట్లు ఇతరుల వాటికంటే దాదాపు పదిరెట్లు ఎక్కువగా తిరస్కరణ పొందాయని తేల్చింది. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఏం కావాలి?

ఇంత సాక్ష్యం చేతిలో వుండగా చిత్రం ఏం చేసిందో చూడండి. ఇల్లినాయి రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో వెలువడే "పాంటాగ్రాఫ్" పత్రిక పేజీ ఒకటి తెర మీద మెరుస్తుంది. తేదీ 2001 డిసెంబరు 19. తాజా లెక్కింపులో గోర్ గెలిచాడని దాని మీద పెద్ద శీర్షిక. ఆ తేదీ పత్రికలో ఆ శీర్షిక లేదు. ఆ మాటలున్నది డిసెంబరు 5 సంచికలో, వార్తగా కాదు, సంపాదకుడికి ఒక పాఠకుడు రాసిన వుత్తరం మీద, చిన్న అక్షరాల్లో. వుత్తరం శీర్షికను వార్తా శీర్షికగా పెంచి చూపించారన్న మాట. పత్రికవాళ్లు క్షమాపణ చెప్పమనీ, నష్టపరిహారంగా ఒక్క డాలరు ఇమ్మనీ మూర్‌కు రాశారు. ఆ ఒక్క డాలరు నాకు 140 కోట్లకంటే బరువుగా తోస్తుంది. తెరమీద రెండు క్షణాలు కూడా నిలవని బొమ్మ అది. కాని ప్రత్యర్థి ఆ రెండు క్షణాలను పట్టుకుని, 1,75,010 బ్యాలెట్లను పక్కకు తోసెయ్యగలిగాడు.

నూనె గొట్టాల కథ మీద ఎక్కువసేపు నిలబడనక్కర లేదు. ఆఫ్గనిస్తాన్ గుండా గ్యాసు గొట్టం వెయ్యాలని యూనోకాల్ కంపెనీ ప్రయత్నించినమాట, తాలిబాన్ ప్రతినిధులు 1997లో టెక్సాస్‌కు వచ్చినమాట నిజమే. వాళ్లను రమ్మన్నది కంపెనీ. అప్పుడు బుష్ ఆ రాష్ట్రానికి గవర్నరు. గవర్నరు రాష్ట్రంలోకి ఎవరో వచ్చారన్నది సంబంధానికి రుజువు కాదు. యూనోకాల్ 1998 డిసెంబరులో ఆ పథకం నుంచి తప్పుకుంది. ఈ తేదీ చిత్రంలో లేదు. కర్జాయ్ ఆ కంపెనీకి సలహాదారుగా పనిచేశాడన్న మాట ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చింది, కంపెనీ ఖండించింది, రుజువు ఎవరూ చూపలేదు. చిత్రం దాన్ని రుజువైన సంగతిగానే చెబుతుంది.

కాని ఇరాక్ మీద బాంబులు పడకముందు చూపించిన దృశ్యాల గురించి చెప్పకుండా వుండలేను. పిల్లలు గాలిపటాలు ఎగరవేస్తుంటారు. హోటళ్లలో జనం నవ్వుతూ వుంటారు. పెళ్లి జరుగుతుంది. ఆ దేశం అమెరికా మీద ఎన్నడూ దాడి చెయ్యలేదని, ఒక్క అమెరికన్‌ను కూడా చంపలేదని గొంతు చెబుతుంది. బొమ్మలు అబద్ధం కావు. బాగ్దాద్‌లో పిల్లలు గాలిపటాలు ఎగరవెయ్యకుండా ఎక్కడికి పోతారు? మాట మాత్రం నిలవదు: 1987 మే 17న ఇరాకీ విమానం వదిలిన క్షిపణుల వల్ల స్టార్క్ అనే అమెరికన్ నౌకలో 37 మంది నావికులు చనిపోయారు. పొరపాటున జరిగిందని ఇరాక్ చెప్పింది, అప్పటికి సద్దాం తన మనిషి గనక వాషింగ్టన్ ఒప్పుకుంది. ఆ సంగతి చెప్పివుంటే మూర్ వాదనకే బలం వచ్చేది.

వామపక్షంవారమైన మనకు దీనికంటే ఎక్కువగా గుచ్చుకోవలసింది వేరే వుంది. ఆ నవ్వుతున్న బాగ్దాదులో ఇరాకీ కమ్యూనిస్టులు ఏమయ్యారు? 1963 ఫిబ్రవరిలో బాత్ పార్టీ అధికారానికి వచ్చినప్పుడు వేలమంది కమ్యూనిస్టులను, సానుభూతిపరులను చంపారు. పార్టీ కార్యదర్శి సలాం ఆదిల్‌ను చిత్రహింసలు పెట్టి చంపారు. 1978లో సైన్యంలో కమ్యూనిస్టు పార్టీ పని చేశారన్న నేరం మీద పలువురికి మరణశిక్షలు అమలు చేశారు. 1988 మార్చిలో హలబ్జా పట్టణంలో విషవాయువుతో సుమారు అయిదువేలమంది కుర్దులను చంపారు. ఈ చావుల మీద నిలబడిన రాజ్యం అది. దాన్ని కూలదోసే అధికారం ఇరాకీ ప్రజలది, బుష్‌ది కాదు. ఈ మాట చెప్పడానికి సద్దాం పాలనను గాలిపటాల వెనక దాచనక్కర లేదు. చనిపోయిన కామ్రేడ్లను తెరమీద లేకుండా చేస్తే, యుద్ధాన్ని వ్యతిరేకించేవాడికి నియంత మీద పట్టింపు లేదనే ప్రత్యర్థి ఆరోపణకు మనమే సాక్ష్యం సమకూర్చినట్టవుతుంది.

పార్లమెంటు సభ్యుల ఘట్టం కొంత మేలు. 535 మంది సభ్యుల్లో మామూలు సైనికుడిగా కొడుకు ఇరాక్‌లో వున్నది ఒక్కడికేనని చిత్రం అంటుంది. "మామూలు సైనికుడిగా" అన్న విశేషణం తీసేస్తే లెక్క మారుతుంది, కాని విశేషణం వుంది గనక వాక్యం నిలుస్తుంది. అయితే మూర్ వీధిలో నిలబెట్టి, మీ పిల్లల్ని పంపిస్తారా అని అడిగిన సభ్యుల్లో మిన్నెసోటా సభ్యుడు మార్క్ కెన్నెడీ ఒకడు. తెరమీద అతడు తెల్లమొహం వేసినట్టు కనిపిస్తాడు. కెమెరా ముందు అతడు చెప్పిన జవాబు వేరు: తన అన్నదమ్ముల బిడ్డ ఒకడు ఆఫ్గనిస్తాన్‌కు బయలుదేరుతున్నాడనీ, తాను సహాయం చేస్తాననీ అన్నాడు. అది కత్తిరించేశారు. అతడు రిపబ్లికన్, యుద్ధానికి ఓటువేసినవాడు. అతనిమీద మనకు జాలి వుండనక్కర లేదు. కాని అతని జవాబును వుంచినా వాదన చెడదు. ఒకరి కుటుంబంలో ఒకడు వుండడం, ఒక పేటలో సగం ఇళ్లనుంచి పోవడం వేరువేరు సంగతులు.

ఆ పేట సంగతి చిత్రం చెప్పిన చోట, ఎవరూ దానికి వంక పెట్టలేకపోయారు. మిషిగన్ రాష్ట్రంలో మూర్ పుట్టిపెరిగిన ఫ్లింట్ ప్రాంతం అది. మోటారు కార్ఖానాలు మూతపడి, ఇళ్లు శిథిలమై, కుర్రవాళ్లకు సైన్యం తప్ప వుద్యోగం లేని వూరు. సైన్యంలో చేర్చుకునే ఇద్దరు మెరీన్లు, డబ్బున్నవాళ్లు వెళ్లే బజారు వదిలిపెట్టి, బీదవాళ్లు వెళ్లే బజారుకు వచ్చి, కార్లు ఆపే చోట కుర్రవాళ్లను పట్టుకుని పేరూ చిరునామా రాసుకోవడం కెమెరా చూస్తుంది. గొంతు ఎక్కువ మాట్లాడదు. ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి అతని ఆఖరి వుత్తరం చదువుతుంది. బుష్ కుటుంబం, సౌదీ రాజులు, గొట్టాలు ఏవీ అక్కడ లేవు. ఏ వర్గం యుద్ధానికి నిర్ణయిస్తుందో, ఏ వర్గం అందులో చస్తుందో అక్కడ కంటికి కనిపిస్తుంది. చిత్రంలో వర్గం కనిపించినచోట వాస్తవం నిలిచింది, కుటుంబం కనిపించినచోట వాస్తవం జారింది. ఇది కాకతాళీయమని నేననుకోను.

మూర్ మొదటి చిత్రం చూసినా ఇదే తేలుతుంది. 1989లో వచ్చిన "రోజర్ అండ్ మి" ఫ్లింట్ కార్మికుల కథే. 1986లో జనరల్ మోటార్స్ పదకొండు కార్ఖానాలు మూసేస్తామని ప్రకటించింది. చిత్రంలో ఆ దెబ్బ తర్వాత వూరివాళ్లు బతకడం కోసం మోటారు కార్ల వినోదశాల కట్టినట్టూ, రీగన్ వచ్చి నిరుద్యోగులతో భోంచేసినట్టూ కనిపిస్తుంది. హార్లన్ జేకబ్సన్ అనే విమర్శకుడు ఆ యేడే తేదీలు సరిచూశాడు. వినోదశాల 1984లో తెరిచి, 1986 ప్రకటనకు ముందే మూతపడింది. రీగన్ వచ్చింది 1980లో, అధ్యక్షుడు కాకముందు. చిత్రం చెప్పిన ముప్ఫయివేల వుద్యోగాలు ఒక్క దెబ్బతో పోయినవి కావు, పదేళ్లకు పైగా కొంచెం కొంచెంగా పోయినవి. కథ రక్తి కట్టడానికి తేదీలు కుదించారని సమర్థించేవారున్నారు. ఆ కుదింపులో పోయిందేమిటో వారు ఆలోచించలేదు. పెట్టుబడి ఒక వూరిని ఒక్కరోజులో చంపదు. ఈ యేడు ఒక షిఫ్టు, మరుసటి యేడు ఒక శాఖ, ఆ పైన ఒక కార్ఖానా. అధ్యక్షులు మారినా, కంపెనీ ఛైర్మన్లు మారినా అది ఆగదు. ఈ నెమ్మది చావును 1986కు కుదించేసరికి, అది రోజర్ స్మిత్ అనే ఒక ఛైర్మను దుర్మార్గంగా మిగిలింది. ఛైర్మను మారితే బాగుపడుతుందనే భ్రమకు అది దారి తీస్తుంది.

బొమ్మలు ఏరి కూర్చి రాజకీయం చెప్పడంలోనే ఈ దోషం వుందనుకుంటే పొరపాటు. 1927లో ఎస్ఫిర్ షూబ్ అనే సోవియట్ చిత్రకారిణి "రోమనోవ్ వంశ పతనం" కూర్చింది. ఒక్క దృశ్యం నటింపజెయ్యలేదు. జారు ఆస్థాన కెమెరామెన్లు తీసిన ఇంటి బొమ్మలనూ, పాత వార్తా చిత్రాలనూ తేమపట్టిన నేలమాళిగల్లోంచి వెలికి తీసింది. అరవైవేల మీటర్ల ఫిల్ము చూసి, చివరకు సుమారు పదిహేనువందల మీటర్ల చిత్రం చేసింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని ముక్క ముక్కకూ తేల్చుకున్నది. ఆమె కూడా అతికింది. ఓడమీద దొరలూ దొరసానులూ చెమట పట్టేదాకా నాట్యమాడడం చూపించి, వెంటనే పొలాల్లో చెమటోడ్చే మనుషుల్ని చూపించింది. ఆ అతుకు ఒక ఆరోపణే. కాని ఆ ఆరోపణ ఎవరో ఒకరితో రహస్యంగా మంతనమాడారని కాదు. ఒకరి శ్రమ మీద ఒకరు బతికారని. దాన్ని రష్యా భూమి లెక్కలు తీసి ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఆ మరుసటి యేడే ఐజెన్‌స్టీన్ "అక్టోబరు" వచ్చింది. గొప్ప చిత్రం, నటించిన చిత్రం. లెనిన్ పాత్రకు పోలికలున్న ఒక కార్మికుణ్ణి పెట్టినందుకు మయకోవ్‌స్కీ మండిపడ్డాడు. "లెఫ్" పత్రికవారు వాస్తవ చిత్రానికీ నటన చిత్రానికీ హద్దు చెరిపేశారని విమర్శించారు. వారి భయం నిజమయింది. శీతాకాల సౌధం మీద జనసముద్రం విరుచుకుపడే ఆ నటన దృశ్యాలు, 1920 వార్షికోత్సవంలో వేలమందితో ఆడిన బహిరంగ నాటకపు ఫొటోలు, 1917 నాటి ఫొటోలని పేరుపెట్టుకుని దశాబ్దాలపాటు పుస్తకాల్లో అచ్చయ్యాయి. కళ్లారా చూసిందీ నిజం కాదు, చెవులారా విన్నదీ నిజం కాదు, విచారించి తెలుసుకున్నదే నిజమని మన పెద్దలు వూరికే అనలేదు.

ప్రత్యర్థులు మూర్ చిత్రాన్ని ఎట్లా ఎదుర్కొన్నారన్నది కూడా చరిత్రే. అదే యేడు శరత్కాలానికి జవాబు చిత్రాలు రెండు మూడు వచ్చాయి. "సిటిజన్స్ యునైటెడ్" అనే మితవాద సంస్థ, మూర్ చిత్రానికి టెలివిజనులో వచ్చే ప్రకటనలు ఎన్నికల చట్టానికి విరుద్ధమని ఎన్నికల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ కొట్టివేసింది. అట్లాగయితే మేమూ చిత్రాలే తీస్తామని ఆ సంస్థ తీసింది. 2008లో హిల్లరీ క్లింటన్‌కు వ్యతిరేకంగా ఒక చిత్రం తీసి, దానికి చట్టం అడ్డువస్తే కోర్టుకెక్కింది. 2010 జనవరి 21న అమెరికా సుప్రీం కోర్టు, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపు, కంపెనీలు ఎన్నికల ప్రచారం మీద స్వతంత్రంగా ఎంత డబ్బయినా ఖర్చుపెట్టుకోవచ్చని తీర్పు చెప్పింది. డాక్యుమెంటరీ పేరుతో మొదలయిన తగవు, ధనికుల డబ్బుకు గేట్లు ఎత్తెయ్యడంతో ముగిసింది. దీనికి మూర్ కారణం కాదు. కాని పచ్చి ఆరోపణల పోటీ మొదలయితే, ఎక్కువ డబ్బున్నవాడు ఎక్కువ చిత్రాలు తీస్తాడు.

మన కళాశాలల్లో, హాస్టళ్లలో ఇట్లాంటి చిత్రాలు చూపించే విద్యార్థి సంఘాలున్నాయి. 2023 జనవరిలో బి.బి.సి. చిత్రం చూపించినందుకు హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో ఎంత గొడవ జరిగిందో పాఠకులకు గుర్తుండేవుంటుంది. చూపించే హక్కు కోసం కొట్లాడేవారు, చూపించేదాన్ని ముందుగా చదువుకోవలసిన బాధ్యత కూడా తీసుకోవాలి. ఉపాధ్యాయ మిత్రులకు ఒక పద్ధతి సూచిస్తాను. "ఫారెన్‌హీట్ 9/11"లో ఫ్లోరిడా రాష్ట్రం సారసోటా పట్నపు బడి దృశ్యం వుంది. 2001 సెప్టెంబరు 11 ఉదయం, రెండో విమానం కూడా భవనాన్ని ఢీకొన్నదని బుష్ చెవిలో అతని అధికారి చెబుతాడు. బుష్ కదలడు. పిల్లల వాచకం చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. తర్వాత జాతీయ కమిషన్ కూడా అతడు అయిదునుంచి ఏడు నిమిషాలు ఆ తరగతిలోనే వున్నాడని రాసింది. ఆ దృశ్యాన్ని ఎవరూ కాదనలేదు. పిల్లలకు ముందు దాన్ని శబ్దం ఆపేసి చూపించండి. వాళ్లు చూసిందేమిటో కాగితం మీద రాయమనండి. తర్వాత శబ్దంతో చూపించండి. కూర్చున్న ఆ మనిషి మనసులో ఏముందో గొంతు వూహించడం మొదలుపెడుతుంది. తాను తప్పుడు మనుషులతో స్నేహం చేశానా అని అనుకుంటున్నాడేమో అంటుంది. అక్కణ్ణించి సౌదీ స్నేహితుల కథలోకి జారిపోతుంది. రెండోసారి చూశాక రాసిన కాగితాన్ని మొదటి కాగితం పక్కన పెట్టమనండి. రెండో కాగితంలో కొత్తగా చేరిన వాక్యాలన్నీ తెరమీద కనిపించనివే.